చెక్క గొడ్డలి, ఇనుప చప్పుడు

ఒట్టు వేయమంటారు. వేయను. మా లేఖనం ఒట్టు వద్దంది. అవునంటే అవును, కాదంటే కాదు... అంతే. ఏళ్ల తరబడి సంఘంలో వాక్యం చదివిన నోటితో చెబుతున్నాను. ఇది జరిగింది. నాకే జరిగింది.

ఇంకో మాట. నేను దయ్యాలకు భయపడే మనిషిని కాను. అలల్ని గద్దించిన యేసును నమ్ముకున్నవాణ్ణి. నేనూ ఏళ్ల తరబడి నడిసముద్రంలో నిద్రపోయినవాణ్ణి. కాబట్టి, భయపడి ఏదో ఊహించుకున్నావులే అని మాత్రం అనకండి. అన్నవాళ్లతో చాలాసార్లు గొడవ పెట్టుకున్నాను. ఇవాళ కూడా పెట్టుకుంటాను.

మాది కాకినాడ. ఎనభైలలో ఆరేళ్లు బొంబాయి సముద్రంలో పనిచేశాను. నడిసముద్రంలో ముడినూనె తీసే ప్లాట్‌ఫాంలు ఉంటాయి. ఇనుప కాళ్ల మీద నిలబడ్డ చిన్న ఊళ్లు అవి. వాటికి మంచినీళ్లూ సిమెంటూ కూరగాయలూ మోసే బోట్లు ఉంటాయి. ఆ బోటును ప్లాట్‌ఫాంకు తాళ్లతో కట్టడం నా పని. రేవులో పడవ కట్టినట్టు కాదు. గాలి, నీటివాలు పడవను ఎటు తోస్తున్నాయో ముందు చూడాలి. ప్లాట్‌ఫాంకు దూరంగా తోసే వైపే కట్టాలి. ఇంజను ఆగినా, తాడు తెగినా పడవ బయటికి పోవాలి. ఆ ఇనుప కాళ్ల మీదికి రాకూడదు. కట్టిన పడవను ఒంటరిగా వదలకూడదు. తాడు చుట్టిన ఇనుప గుంజ పక్కన పదునైన గొడ్డలి ఉండాలి. ఎందుకంటే ముడి విప్పుకునే తీరిక సముద్రం ఇవ్వదు.

అక్కడ నా జోడీ గంగరాజు. వాడిదీ మా పేటే. ప్లాట్‌ఫాం మీద నిలబడి తాడు వదిలేది వాడు. వదిలాక గొడ్డలి వెనక మొద్దు వైపుతో ఇనుప గుంజ మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. టంగ్... టంగ్. ‘వదిలేశాను’ అని. పడవ మీదనుంచి నేను ఒక దెబ్బ కొట్టాలి. టంగ్. ‘విన్నాను, పోతున్నాం’ అని. ఆ హోరులో కేకలు వినపడవు. ఇనుము ఒక్కటే వినపడుతుంది.

ఒకరోజు నీటివాలు తిరిగింది. గంగరాజు ఆ పూట పడవ మీదే ఉన్నాడు. తాడు సాగి సన్నబడుతోంది... గొడ్డలి నా చేతిలోనే ఉంది. కెప్టెన్ నరకమనాలి కదా అని చూశాను. ఎంతసేపు? మూడు ఊపిరులు. తాడే తెగింది. తెగిన కొస కొరడాలా వచ్చి గంగరాజును కొట్టింది. వాడు మళ్లీ లేవలేదు.

ఆ తర్వాత సముద్రం మానేశాను.

తొంభైల మొదట్లో హైదరాబాద్ వచ్చాను. రహమత్ నగర్‌లో ఒక గది. ఆ సందులోనే రేకుల షెడ్డులో మా సంఘం. ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియోలో సెట్టింగులకు తాళ్లు కట్టే పని దొరికింది. ఒక ఎండాకాలం ఆ స్టూడియోలో బండల మధ్య పెద్ద తొట్టి కట్టి నీళ్లు నింపారు. ట్యాంకర్ల మీద ట్యాంకర్లు వచ్చాయి. నీళ్ల మధ్యలో నూనె ప్లాట్‌ఫాం సెట్టు. సరుగుడు కర్రలు, ప్లైవుడ్డు, పైన పసుపు రంగు. దూరంనుంచి చూస్తే అచ్చం ఇనుమే. దగ్గరికెళ్లి తడితే డబడబమనేది. మేకు తప్ప ఇనుము ముక్క లేదు దాంట్లో. ఇది గుర్తుపెట్టుకోండి.

దాని పక్కన ఒక పాత చేపల పడవ. దానికి అట్టలు బిగించి ఓడను చేశారు. ఫైటర్ యాదగిరి పడవ మీదనుంచి ప్లాట్‌ఫాం నిచ్చెన మీదికి దూకాలి. యాదగిరి మా సందువాడే. నేను ప్రార్థన చేసుకుంటానని నన్ను ‘పాస్టరన్నా’ అని ఆటపట్టించేవాడు.

తొట్టి చూసి వాడన్న మొదటి మాట, “మా గల్లీల బిందెడు నీళ్లకు కొట్టుకు చస్తున్నరు. గీడ ఏకంగ సముద్రమే పోసిండ్రు పాస్టరన్నా!”

పడవ కట్టిన తీరు చూసి నాకు ఒళ్లు మండింది. ఒక తాడు ప్లాట్‌ఫాం మీదికి, ఒకటి వెనక తొట్టి గోడకు. కానీ ఏ వైపు కట్టారు? అలల మిషను ఎటువైపునుంచి తోస్తుందో ఆ వైపే! అల కొట్టినప్పుడల్లా పడవ నిచ్చెన మీదికే వస్తుంది.

ప్రొడక్షన్ మేనేజరు దగ్గరికి వెళ్లాను. భీమవరం మనిషి. మంచివాడే, తొందరెక్కువ.

“పడవను అటువైపు తిప్పాలండీ.”

“అటు తిప్పితే ఫ్రేములో జూబ్లీ హిల్స్ బంగళాల లైట్లు పడతాయయ్యా. నడిసముద్రంలో బంగళాలేంటి?”

“దూకేవాడు మధ్యలో నలిగిపోతాడండీ.”

“మోకాలి లోతు అలలకి నలిగిపోతాడా? ఇది సినిమా సముద్రమయ్యా ప్రసాదూ. నీ బొంబాయి కాదు.”

“నీళ్లకి అది సినిమా అని తెలీదండీ,” అన్నాను.

నవ్వాడు. నేను కదల్లేదు. చివరికి ఒక్కటి ఒప్పుకున్నాడు. పడవ మీద గుంజ పక్కన గొడ్డలి. నేనే వెళ్లి సామాన్ల గదిలోంచి మంచి పదునుది తెచ్చి పెట్టాను. సాయంత్రం చేతితో పదును చూశాను కూడా.

రాత్రి షూటింగ్. రెండు దాటాక బ్రేక్ ఇచ్చారు. లైట్లు మార్చాలి. అలల మిషను ఆపేశారు. అందరూ టీకి కొండ కిందికి దిగారు. యాదగిరి మాత్రం నిచ్చెన అడుగున నడుముకు వైరుతో వేలాడుతున్నాడు. ఆ వైరు వీపు వెనక మరతో బిగిస్తారు. విప్పి మళ్లీ బిగించాలంటే పెద్ద పని.

“నాకెందుకన్నా టీ? గిట్లనే జర కన్ను మలుపుత,” అన్నాడు. కాళ్లు పడవకీ నిచ్చెనకీ మధ్య ఊగుతున్నాయి.

నేను పడవ మీదే ఉన్నాను. కట్టిన పడవను వదలకూడదు కదా.

ఒక్క దీపం ఉంచారు. తొట్టి అద్దంలా ఉంది. గాలి లేదు. ఎక్కడో ఎత్తు ఎక్కుతున్న ఆటో చప్పుడు... అదీ ఆగిపోయింది. యాదగిరి సన్నగా గురక పెడుతున్నాడు.

అప్పుడు వినపడింది.

కిర్ర్ర్...

నైలాను తాడు బిగిస్తే వచ్చే చప్పుడు. ఆరేళ్లు విన్న చెవులివి. నిద్రలో విన్నా లేచి కూర్చుంటాను. తాడు వైపు చూశాను. మామూలుగా పొట్ట దించుకుని వేలాడే తాడు... తిన్నగా ఉంది. గీత గీసినట్టు. దాంట్లోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా పిండుకుంటున్నాయి.

అల లేదు. గాలి లేదు. మరెందుకు బిగుసుకుంటోంది?

కిర్ర్ర్...

పడవ కదిలింది. జానెడు. నిచ్చెన వైపు.

ఎవరో పైనుంచి లాగుతున్నారు.

“ఎవర్రా పైన? వదలండి!” అని అరిచాను. పైన చీకటి. ఆ ప్లాట్‌ఫాం ఎక్కడానికి ఉన్నది ఒక్కటే దారి. యాదగిరి వేలాడుతున్న ఆ నిచ్చెనే. నేను చూస్తుండగా ఎవరూ ఎక్కలేదు.

మళ్లీ జానెడు... ఇంకో జానెడు. గోడకు కట్టిన వెనక తాడు కూడా సాగి వేలంత సన్నబడింది. ఒక మనిషి లాగితే అంత సాగదు. పదిమంది లాగినా సాగదు.

“యాదగిరీ! లే! కాళ్లు పైకి తియ్!”

లేచాడు. పడవను చూశాడు. “అన్నా! ఏందన్నా గిది? మీదికొస్తుందే! వైరు వస్తలేదన్నా!” వీపు వెనక మర కోసం చేతులు తడుముతున్నాయి. అందడం లేదు. మోకాళ్లు గుండెకు ముడిచాడు. అయినా పడవ అంచు వాడి నడుము ఎత్తుకే ఉంది. మధ్యలో మూరెడు ఖాళీ.

నేను ఎవరి మాట కోసమూ చూడలేదు. ఒక్క ఊపిరి కూడా ఆగలేదు. ఇది మాత్రం నా సంఘం ముందు, నా దేవుడి ముందు తల ఎత్తి చెబుతాను. గొడ్డలి అందుకున్నాను.

తేలిగ్గా ఉంది.

దూది ఎత్తినట్టు లేచింది. నాకు అర్థమయ్యేలోపే చేయి దిగింది. తాడు మీద పడింది. ఫట్‌మని గొడ్డలి తల విరిగింది. చెక్క! వెండి రంగు పూసిన చెక్క!

ఫైటింగ్ ఉన్న సెట్టు మీద నిజం ఆయుధం ఉండకూడదని సినిమావాళ్ల కట్టుబాటు. ఎవరికీ దెబ్బ తగలకూడదని, షాటుకు ముందు సామాన్ల మనిషి అన్నీ తిరిగి చూస్తాడు. నా గొడ్డలి తీసి లోపల తాళం వేసి, దాని చోట బొమ్మది పెట్టాడు. అచ్చం అదే రంగు. వాడు చేసింది ప్రాణాలు కాపాడటానికే. నేను మళ్లీ ఎత్తి చూడలేదు. ఆ తప్పు నాది.

చేతిలో కర్రముక్క. జానెడు ఖాళీ. యాదగిరి అరవడం మానేశాడు. నా కళ్లలోకి చూస్తున్నాడు... అంతే.

నాకు కోపం వచ్చింది. భయం కాదు, కోపం. తల పైకెత్తి ఆ చీకట్లోకి అరిచాను. “ఒక్కణ్ణి తీసుకున్నావు చాలదా? వీణ్ణి ఇవ్వను! యేసు నామంలో చెబుతున్నా, వదలరా తాడు!” ఆ విరిగిన కర్రతోనే తాడు మీద బాదాను. ఒకటి. రెండు. మూడు...

పైన ఠక్‌మంది.

తాడు జారింది. పాములా మెలికలు తిరుగుతూ పైనుంచి వచ్చి నా పాదాల మీద పడింది. సాగిన వెనక తాడు పడవను ఒక్క గుంజు గుంజింది. పడవ వెనక్కి పోయింది. రెండు బారలు. యాదగిరి నిచ్చెన కావలించుకుని వాంతి చేసుకున్నాడు.

తర్వాత... నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే నెమ్మదిగానే జరిగింది. నీళ్ల మీద అలలు సద్దుమణిగాయి. మళ్లీ అద్దం. అప్పుడు పైనుంచి...

టంగ్...

టంగ్.

ఇనుము మీద ఇనుము. సరుగుడు కర్రల ప్లాట్‌ఫాం మీదనుంచి.

“పైన ఎవలున్నరన్నా?” అన్నాడు యాదగిరి. అంటే వాడూ విన్నాడు. నా ఒక్కడి చెవుల మాట కాదు.

నేను ఆ చీకట్లోకే చూస్తున్నాను.

జనం పరుగెత్తుకొచ్చారు. లైట్లన్నీ వేసి పైకెక్కి వెతికారు. ఎవరూ లేరు. తాడు ముడి పైన కట్టుకు అలాగే ఉంది. దాని పక్కన మూరెడు తోక. లాగుడుకు తెగింది కాదు, పీచు లేవలేదు. పదునైన గొడ్డలితో ఒక్క వేటుకు నరికినట్టు సాపుగా ఉంది. నేను బాదిన చోట, ఇటు పడవ దగ్గర, తాడుకు గీత కూడా పడలేదు.

“తొట్టి కారి నీళ్లు దిగుంటాయయ్యా, తాడు బిగిసుంటుంది,” అన్నాడు మేనేజరు.

గోడ మీద తడి గీత చూపించాను. నీళ్లు వేలెడు కూడా దిగలేదు. మాట మార్చేశాడు.

మర్నాడు పడవను మళ్లీ అటే కట్టబోయారు. నేను వెళ్లి ఆ తాడు మీద కూర్చున్నాను. “నన్ను పనిలోంచి తీసేసి కట్టుకోండి,” అన్నాను. యాదగిరి వచ్చి పక్కన కూర్చున్నాడు. “పాస్టరన్న చెప్పినట్టు కడితేనే దుంకుత. లేకుంటే మీ హీరోనే దుంకమనుండ్రి!” పడవ తిప్పారు. బంగళాల లైట్లకు అడ్డంగా నల్లగుడ్డ కట్టారు. అంతే పని. నిజం గొడ్డలి పెట్టి, దాని పక్కన ఒక మనిషిని కాపలా ఉంచారు. ఆ దూకే షాటు క్షేమంగా జరిగింది.

ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు మా పాస్టరు అయ్యగారు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

“దూత వచ్చి తాడు నరికాడని చెప్పు ప్రసాదూ. సంఘం బలపడుతుంది,” అన్నారు.

“నేను దూతను చూడలేదు అయ్యగారూ.”

“మరి ఎవరు నరికారంటావు?”

“తెలీదు. నరికింది దూతే అయితే, లాగింది ఎవరండీ?”

అయ్యగారు బైబిలు మూసేశారు. ఆ తర్వాత కొన్ని నెలలు నన్ను సాక్ష్యానికి పిలవలేదు. స్టూడియోలో వాళ్లు దయ్యమన్నారు, నిమ్మకాయలు కట్టారు. దానికీ నేను తల ఊపలేదు. అబద్ధ సాక్ష్యం దేవుడి తరఫున పలికినా అబద్ధమే. ఆ ప్రాణం దక్కించినందుకు ఆయనకు రోజూ స్తోత్రం చెబుతాను. కానీ చూడనిది చూశానని చెప్పను. విన్నది వినలేదనీ చెప్పను.

లాగినవాడెవడు? నరికినవాడెవడు? ఇద్దరా... ఒక్కడేనా? తెలీదు.

ఒక్క విషయం ఆ రోజు సంఘంలో చెప్పలేదు. మీకు చెబుతున్నాను. పైన ఆ రెండు దెబ్బలు వినపడ్డప్పుడు నా పక్కనే పడవ ఇనుప గుంజ ఉంది. కాలి దగ్గర రెంచి ఉంది. వంగితే అందేది. బదులుగా ఒక్క దెబ్బ కొట్టాలి, అది మా పద్ధతి. చేయి అటు వెళ్లింది కూడా. చచ్చినవాళ్లతో మాట కలపకూడదని లేఖనం. చేయి వెనక్కి తీసుకున్నాను. అది గంగరాజు కాకపోతే, చేసింది సరే.

కానీ పైన ఉన్నవాడు, ఎవడైనా సరే, ఆగాడు. నాకు తెలుసు. చాలాసేపు, జనం వచ్చి లైట్లు వేసేదాకా, ఆ చీకటి నా బదులు కోసం ఆగింది.

ఆ ఒక్క దెబ్బ ఇంకా నా చేతిలోనే ఉంది.