ఒక్క దినం వంతు

మా పెదనాయనకు ఒక్కటే అర్థం కాలేదు: పైరు పొట్ట మీదున్నప్పుడు నీళ్ళివ్వననే మనిషి కూడా ఉంటాడని.

తిరువళ్ళూరుకు పడమర ఉన్న మా ఊళ్ళో మాదొక బావి, నలుగురు వాటాదార్లం. తలా ఒక దినం వంతు. అయితే ఎవరి వరి కంకి తియ్యబోతూ పొట్ట మీదుంటే మిగతావాళ్ళు తమ వంతు వాళ్ళకు వదిలేసేవాళ్ళు, తర్వాత తిరిగి తీసుకునేవాళ్ళు. మాటల్లేని ఇళ్ళ మధ్య కూడా ఈ పద్ధతి నడిచేది.

డెబ్బైల చివర్లో మద్రాసు ఫ్యాక్టరీల కోసం మా పొలాల అంచున లోతు బోర్లు వేశారు. మా నాయనకు అక్కడ మోటారు వేసే పని దొరికింది. కాకీ చొక్కా! నెల జీతం! మా వాటా పొలం కూడా పెదనాయనే చూసుకున్నాడు. నేను ఏడో తరగతి. దేశం ముందుకు పోతోందని బడిలో చెబితే, దాన్ని తోస్తున్నది మా నాయనే అన్నట్టు ఎగిరిపడేదాన్ని. సిగ్గులేనిదాన్ని!

మూడో ఏడు బావి అడుగు కనబడింది. రాత్రంతా ఊరిన నీళ్ళు పొద్దున అరగంటకే అయిపోయేవి. పెదనాయన వరి పొట్ట మీదుంది. ఒక్క తడి పడితే గింజ కడుతుంది, లేకపోతే రెండిళ్ళకూ ఏడాది తిండి పోయినట్టే.

ఆ రోజు నేను నాయనకు క్యారియరు తీసుకుపోయాను. జీపులో ఇంజనీరు వచ్చి ఉన్నాడు. కాసేపటికి పెదనాయన వచ్చాడు, పెళ్ళికి పోయేవాడిలా ఉతికిన పంచె కట్టుకొని. ఇంజనీరు ముందు నిలబడి అరవంలో అడిగాడు.

"ఒక్క దినం మోటారు నిలపండయ్యా. మా బావి ఊరుతుంది. వచ్చే వారం మా వంతులు రెండు దినాలు మీరే తీసుకోండి."

ఎండిన బావిలో రెండు దినాలు! పిచ్చి పెదనాయన.

ఇంజనీరు చెడ్డవాడేం కాదు. "నిలిపితే అక్కడ ఫ్యాక్టరీలు ఆగిపోతాయి పెద్దాయనా" అన్నాడు మెల్లగా.

"వాళ్ళది కూడా పొట్ట మీదుందా?"

వెటకారం కాదు. తెలుసుకోవాలనే అడిగాడు. అవునంటే వెనక్కి తిరిగిపోయేవాడే.

ఇంజనీరు నవ్వి నాయన వైపు తిరిగాడు. "ఎవరు, మీవాళ్ళా?"

నాయన ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. తల వంచుకొని, "ఊరాయన, సార్" అన్నాడు.

నాయన చిన్నప్పుడే మా తాత పోతే, ఆయన్ని చంకనేసుకొని పెంచింది ఆ ఊరాయనే. పెదనాయన గట్టు మీద నడిచి వెళ్ళిపోయాడు. నాయన క్యారియరు మూత తియ్యలేదు. నాకు ఆయన్ని చూస్తే అసహ్యం వేసింది, జాలి కూడా వేసింది.

పది దినాల్లో వరి తెల్లబడింది. పెదనాయన అందులోకి గొడ్లను తోలాడు. ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చాడు. నాయన లేచి నిలబడ్డాడు. తిట్టు పెదనాయనా, చెప్పు తీసుకొని కొట్టు, అని మనసులో మొక్కుకున్నాను.

"పర్మనెంటు ఎప్పుడు చేస్తారంట?" అని అడిగాడు పెదనాయన.

"తెలీదన్నా."

"చేసినంక నాకు చెప్పు. అంతదాకా నేను ఆ పక్కకు రానులే. నేను మీ అన్ననని ఆ ఇంజనీరాయప్పకు తెలిస్తే నీ పనికి మోసమొస్తాది."

పొలానికి ఉన్న ఒక్క దారీ ఆ మోటారు షెడ్డు ముందు నుంచే. అన్న మాట ప్రకారం పెదనాయన మళ్ళీ ఆ దారి తొక్కలేదు. తిరుత్తణి దగ్గర కంకర క్వారీలో రాళ్ళు కొట్టడానికి పోయాడు. ఆ కంకరా మద్రాసుకే! వాళ్ళకు మా నీళ్ళూ రాళ్ళూ చాలు, ఇక్కడి మనుషుల్ని ఏం చేసుకుంటారు?

నాలుగేళ్ళకు పర్మనెంటు కాగితం వచ్చింది. పెదనాయన చనిపోయి అప్పటికి ఏడాది. నాయన ఆ కాగితం పట్టుకొని పెద్దమ్మ దగ్గరికి పోయాడు.

"అయినంక చెప్పమన్నాడు కదా వదినా, అన్న" అంటూ వాకిట్లోనే కూలబడి ఏడ్చాడు.