తెల్ల ఐరిస్ దొంగ

రష్యాలోని తోమ్‌స్క్‌లో ట్రామ్ నడిపి రిటైరైన రిమ్మా సవేల్యెవ్నాకు ఒకటే పిచ్చి, ఊరవతల తన చిన్న తోటలో సైబీరియా పూలమొక్కలైన ఐరిస్‌లు పోగుచెయ్యడం. ఇప్పుడక్కడ లేని రంగు లేదు. జూన్‌లో చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు. ఆమె మాత్రం వాళ్ళను ముందు కంచె వారనున్న పాత దుబ్బు దగ్గరికే తీసుకెళ్తుంది. నలుపు తిరిగిన నీలం పువ్వులు. మొదటి పిలక ఇచ్చింది పక్క తోట గ్లాఫీరా కుజ్మినిచ్నా.

గ్లాఫీరా నోరు మాత్రం మహా చెడ్డది. ఆ పిలక తవ్వి కంచె మీదుగా అందిస్తూ కూడా కసిరింది.

"ఇది మా అమ్మ పెంచిన మొక్క. కృతజ్ఞతలూ గితజ్ఞతలూ అన్నావంటే లాగేసుకుంటా. అలా అంటే మొక్క బతకదు."

అక్కడందరికీ ఉన్న నమ్మకమే అది. అడిగి తెచ్చుకున్న మొక్క కంటే దొంగిలించినది బాగా నాటుకుంటుందనీ అంటారు.

ఒక వసంతంలో గ్లాఫీరా పట్నంలో జ్వరంతో పడుకునుంటే, ఆమె కొడుకు బంగాళాదుంపలకని పెరడంతా దున్నేశాడు. ఆమె అమ్మ పెంచిన దుబ్బు కాస్తా మట్టిలో కలిసిపోయింది. సాయం చేశానని మురిసిపోతున్న కొడుకును ఆమె పల్లెత్తు మాట అనలేదు. సాయంత్రమయ్యేసరికి గ్లాఫీరా కంచె దగ్గరికొచ్చి, ఇవతలి రిమ్మా దుబ్బునే చూస్తూ నిలబడేది. అది చూడలేకపోయేది రిమ్మా.

"సగం చీల్చి ఇస్తాను, తీసుకోండి."

"ఇచ్చింది వెనక్కి పుచ్చుకుంటే పోట్లాట వస్తుంది."

"రోజూ మనం చేస్తున్నదేమిటి మరి?"

"అది కబుర్లే."

ఇస్తే తీసుకోదు సరే, దొంగిలించనిస్తే? ఆగస్టులో, దుబ్బులు చీల్చే రోజుల్లో, రిమ్మా గేటు బార్లా తెరిచి, ఆ నల్లపూల దుబ్బు పక్కన పార గుచ్చి, రొట్టె కొనడానికి పోతున్నానని వీధంతా వినబడేలా చెప్పి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి నల్లది నల్లదిలాగే ఉంది. దాని పక్కనుండే చిన్న తెల్ల ఐరిస్ మాయమైంది. గుంట కూడా శుభ్రంగా పూడ్చి ఉంది.

పూలు లేనప్పుడు ఆకులన్నీ ఒకటే. ముసలామె కళ్ళు మోసం చేశాయి. అమ్మ పువ్వని ఏడాదంతా ఎదురుచూశాక తెల్లది విచ్చుకుంటే ఆమె ఏమైపోతుంది? గ్లాఫీరా ఆవిరి స్నానానికి వెళ్ళిన సమయం చూసి, రిమ్మా నల్లదాన్ని సగానికి సగం చీల్చి, ఆ వయసులో కంచె దూకి, తెల్లదాని పక్కనే నాటి వచ్చింది.

మరుసటి జూన్‌లో రెండూ పూశాయి. గ్లాఫీరా కంచె దగ్గరికి పిలిచింది.

"నా పెరట్లో దొంగ పడింది. ఎత్తుకుపోవడానికి కాదు, పెట్టిపోవడానికి."

"నాకేం తెలుసు."

"కంచెకి నీ గౌను పీలిక చిక్కుకుని ఉంటే ఆగస్టులోనే చూశాను. పూసేదాకా ఊరుకున్నాను."

"మీరు పొరపాటున తెల్లది పట్టుకెళ్ళారని..."

"పొరపాటేమిటే? మా అమ్మ మొక్కకి ఆకు మొదట్లో ఊదా రంగుంటుంది. అది పోల్చుకోలేనా? కావాలనే తెల్లది తీశాను. ఏదో ఒకటి ఎత్తుకెళ్ళకపోతే నువ్వు మంచు పడేదాకా రొట్టెల కోసమే తిరిగేదానివి."

ఈసారి రిమ్మా వైపు చూడకుండా అంది.

"నల్లది నా పెరట్లోనే ఉంటే, ఇక నీ దగ్గరికి ఏ వంకతో రాను?"

రిమ్మాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

"నా తెల్లది మీ దగ్గరుంది కదా. అదెలా ఉందో చూసుకోవడానికి నేనొస్తాను."

"వస్తే గేటులోంచి రా. దొంగముండా."

ఆ తర్వాత ఎన్ని జూన్‌లు అలా గడిచాయో రిమ్మా లెక్కపెట్టుకోలేదు. ఇప్పుడా పెరడు కొత్తవాళ్ళది, మంచివాళ్ళే. తెల్లది చూస్తానంటే లోపలికి రమ్మంటారు, కుర్చీ వేస్తారు, టీ పోస్తారు, ఇంకాసేపు కూర్చోమంటారు. ఆ మర్యాదే రిమ్మాకు బొత్తిగా సహించదు.