మైపాడులో తాడు దాటిన రోజు

మైపాడు రిసార్టులో గది అద్దె వినగానే ఆ ఆశ వదులుకుని, ఒక్క పూట సముద్రంలో మునిగొస్తే చాలని బట్టల సంచీతో నెల్లూరులో షేర్ ఆటో ఎక్కేశాను. పక్కన కూర్చున్న రమణమ్మక్క చేపలు అమ్ముకుని ఖాళీ గంపతో ఇంటికి పోతోంది. నా అద్దె సంగతి విని, "సముద్ర స్నానానికి రూమెందుకు పాపా? నాతో రా" అంది.

ఆమె వెంట ఇసుకలో నడుస్తుంటే రిసార్టు ముందు తాడు అడ్డమొచ్చింది. గార్డు చెయ్యెత్తాడు. "గెస్టులకే అమ్మా ఇటు. చుట్టూ తిరిగి పోండి."

నేను సిగ్గుపడి వెనక్కి తిరిగాను. అక్క కదల్లేదు.

"మా గంగమ్మ కాడికి పోయేదానికి నిన్నడగాల్నా? మా అమ్మ ఈడనే చేపలు ఎండబెట్టింది. నేనూ ఈడనే ఎండబెడతుండా. పిలువు మీ ఓనర్ని!"

తాడు పైకెత్తి పట్టుకుని నన్ను ముందు పొమ్మంది.

సముద్రాన్ని అక్కావాళ్ళు గంగమ్మ అంటారని ఖమ్మం నుంచి వెళ్ళిన నాకు అప్పుడే తెలిసింది. నీళ్ళు తాకకముందే అక్క నా చెప్పులు విప్పించి, దండం పెట్టించింది. గొడుగుల కింద కుర్చీల్లో ఉన్నవాళ్ళు చూస్తుండగానే ఇద్దరం చీరలతోనే మునిగాం. వెనక గార్డు విజిల్ ఊదుతూనే ఉన్నాడు.

"ఊదనీ, వాడే అలిసిపోతాడు" అంటూ అక్క నన్ను ఇంకో అలకు ఎదురు లాక్కుపోయింది.