భూతద్దం బాబాయి మాట మీద కొన్న షేర్లు

నా జిరాక్స్ కొట్టు పక్కనే ఫోన్లు బాగుచేసే కొట్టు. అది నడిపే ఆయన్ని అందరం భూతద్దం బాబాయి అంటాం. కంటికి భూతద్దం బిగించుకుని పొద్దస్తమానం ఫోన్ల కడుపులు చూస్తూ కూర్చుంటాడు. పిన్ని పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేక, కొట్టుకి తాళం వేశాక కూడా కాసేపు మెట్ల మీదే ఉండిపోయేవాడు. నేను చూసేవాణ్ణి. చూసి, నా షట్టరు దించుకుని వెళ్ళిపోయేవాణ్ణి.

ఆ రోజుల్లో రెండు ఫోన్ల కంపెనీలు కోర్టుకెక్కాయి. స్పీకర్లోకి నీళ్ళు పోకుండా ఆపే చిన్న ముక్క ఒకటుంది. దాని పేటెంటు తనదేననీ, పెద్ద కంపెనీ కాపీ కొట్టిందనీ చిన్న కంపెనీ దావా వేసింది. గెలిస్తే దాని షేరు రెండింతలవుతుందని పేపర్లు రాశాయి. ఒకరోజు బాబాయి, ఎవరో వదిలేసి పోయిన పాత ఫోన్లు రెండు విప్పి, పక్కపక్కన పెట్టి నన్ను పిలిచాడు. ఒకటి పెద్ద కంపెనీది, ఒకటి చిన్నదానిది. లోపలి ముక్కలు అచ్చు గుద్దినట్టు ఒకటే. “కాపీయే. చిన్నదే గెలుస్తుంది,” అన్నాడు.

నా నోట్లో నువ్వుగింజ నానదు. వారం తిరక్కుండా రిటైరైన లైన్‌మన్, బట్టలకొట్టు వదిన, నేను చిన్న కంపెనీ షేర్లు కొనేశాం. రోజూ సాయంత్రం బాబాయి కొట్లో చేరేవాళ్ళం. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లైన్‌మన్ కొనబోయే కారు రంగు కూడా ఖాయం చేశాడు. బాబాయి మాకోసం మూడు స్టూళ్ళు తెచ్చాడు. జోకులు వేయడం మొదలుపెట్టాడు. నవ్వు రాకపోయినా, షేర్ల మీద గౌరవం కొద్దీ నవ్వేవాళ్ళం.

తీర్పుకి రెండు రోజుల ముందు వదిన ఆ ముక్కని దగ్గరగా చూస్తానంది. బాబాయి పెద్ద కంపెనీ ఫోన్లోంచి దాన్ని ట్వీజరుతో పైకి తీసి తిప్పాడు. చెయ్యి ఆగిపోయింది. గ్యారంటీ గొడవలు రాకుండా, మెకానిక్కులు తాము మార్చిన ముక్క వెనక తారీకు రాసుకుంటారు. అక్కడ నాలుగేళ్ళ కిందటి తారీకుంది. మా కళ్ళకవి పిచ్చి గీతలు. ఆయన ఊరుకుంటే మాకెవరికీ తెలిసేది కాదు.

“ఇది నా రాత,” అన్నాడు. “అసలుది దొరక్క, చిన్న కంపెనీ ఫోన్లోంచి తీసి, అంచు అరగదీసి నేనే పెట్టాను. మర్చిపోయాను. అమ్మేయండి.”

మర్నాడే అమ్మేశాం. చిన్న కంపెనీ ఓడిపోయింది, షేరు పాతాళానికి పోయింది. బతుకుజీవుడా అనుకుని, బాబాయికి ఓ దండం పెట్టి రావాలని వెళ్ళాను. నువ్వెప్పుడు అమ్మావని అడిగితే, తను అసలు కొననే లేదన్నాడు.

“మరి ఇన్నాళ్ళూ నీకేంటి బాబాయీ లాభం?”

“మీరొచ్చేవాళ్ళుగా,” అన్నాడు.

నాకు సిగ్గేసింది. రేపటినుంచి మళ్ళీ అందరం వస్తామన్నాను. లైన్‌మన్‌కీ వదినకీ చెప్పాను కూడా. ఇప్పుడక్కడేం పని అన్నారు. సరే, వాళ్ళ సంగతి వదిలేయండి, వాళ్ళ ఇళ్ళు దూరం. నాకూ ఆయనకీ మధ్య ఉన్నది ఒక్క గోడ. ఆర్నెల్లయింది. నేనూ వెళ్ళలేదు.