దామరచర్ల నుంచి దవాఖాన కౌంటర్ దాకా: ఒక ఒడియా అత్తాకోడళ్లతో

మీ ఊరికి మిల్లు పనికో, కరెంటు ప్లాంటు పనికో వచ్చినవాళ్ల వెంట ఒక ముసలితల్లి కూడా వచ్చిందని ఎప్పుడైనా గమనించారా? నేను గమనించలేదు. రెండేళ్లుగా దామరచర్ల దగ్గరి రేకుల షెడ్లలో వాక్యం చెబుతున్నాను. పరదేశిని, విధవరాలిని ఆదరించమని గొంతు చించుకుంటున్నాను. అయినా ఒడిశా నుంచి వచ్చిన సబిత ఫోన్ చేసి, "అక్కా, అత్త కాలు వాసనొస్తుంది, దవాఖానల రెండుసార్లు తిప్పి పంపిండ్రు" అనేదాకా ఆ అత్త ముఖం నాకు తెలియదు.

మర్నాడు పొద్దున ఆరింటికి సూర్యాపేటలో బస్సెక్కాను. ఏడింటికి కోదాడ. అక్కడ మా సంఘస్థురాలి ఇంట్లో ఊరికే పడి ఉన్న చక్రాల కుర్చీ తీసుకుని, హుజూర్‌నగర్ మీదుగా వెళ్లే బస్సులో మడిచి పెట్టించి, తొమ్మిదింబావుకు మిర్యాలగూడలో దిగాను. మన ఆధార్ ఉన్న ఆడవాళ్లకు బస్సు ఉచితం. సబితది ఒడిశా కార్డు, ఆమెకు కాదు. అక్కడి నుంచి దామరచర్ల షెడ్లకు రానూపోనూ ఎనిమిది వందలకు యాదగిరి అనే అతని ఆటో మాట్లాడాను.

షెడ్డులో అత్త చాప మీద ఉంది. షుగర్ పుండు, బొటనవేలు నల్లబడింది. ఆమె ఆధార్ కార్డు ఒడిశాలోనే ఉండిపోయిందట. కొడుకు ప్లాంటులో డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ గేటు దగ్గరే పెట్టి వెళ్లాలి. ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని ఆటోలో సబితను వాయించడం మొదలుపెట్టాను.

"ప్రసంగం దిగినంక చెప్పు సిస్టరమ్మా," అన్నాడు యాదగిరి. "ముందు ముసలమ్మ కాలు సీటు మీదికి జరుపు."

మిర్యాలగూడ దవాఖానలో వరుస దాటి కౌంటర్ చేరేసరికి పదకొండు నలభై. పన్నెండుకు చీటీలు ఆపేస్తారు. "భర్త పేరు?" అంది లోపలి అమ్మాయి. అత్త తల దించుకుంది. సబిత కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"పేరు లేకుంటే కంప్యూటర్ తీసుకోదు. మొన్న గూడ గిట్లనే నిలవడ్డరు. పక్కకు జరుగుండ్రి."

నాకు ఒళ్లు మండింది. "నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయా? ఏం దాస్తున్నావు?" అని సబిత మీద అందరి ముందూ అరిచాను. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

కుర్చీ పట్టుకున్న యాదగిరి నా వైపు వంగాడు. "మా అవ్వ గూడ సచ్చేదాంక మా తాత పేరు నోటితోని అనలే. కోడలు మామ పేరు ఎట్లంటది? ఇంకో తీరుగ అడుగు."

రెండేళ్లు వాళ్ల మధ్య తిరిగినా ఇంత చిన్న సంగతి నాకు తెలియలేదు. "ఆయనకు ఎవరి పేరు పెట్టారమ్మా?" అన్నాను మెల్లగా.

"పూరీ గుడిల ఉండే దేవుడు," సబిత గొణిగింది. "రథం మీద వస్తడు."

వాక్యం చెప్పే నా నోట ఏనాడూ పలకని పేరు. కౌంటర్‌కు వినబడేలా అన్నాను, "జగన్నాథ్." అత్త తల ఊపింది. చీటీ వచ్చింది.

డాక్టరమ్మ కట్టు విప్పి, వేలు తీయక తప్పదని, ఇంకా ఆలస్యమైతే పాదమే పోయేదని చెప్పి చేర్చుకుంది. నన్ను క్షమించమని సబితను అడిగాను. "దేనికక్కా? జర నీళ్ల సీసా పట్టుకరా, అత్తకు దూపయితుంది," అంది.

పరదేశిని బాధపెట్టవద్దన్న వాక్యం నాకు కంఠతా వచ్చు. ఆ వరుసలో బాధపెట్టింది మాత్రం నేనే. అత్తను రాష్ట్రం దాటించి తెచ్చుకుని, పుండు కడిగి, మోసుకు తిరిగే కోడలిని మన దవాఖాన నుంచి రెండుసార్లు వెనక్కి పంపాం; ఒక్కరమూ ఎందుకని అడగలేదు. మీరు ఇలాంటి తల్లిని ఎవరినైనా దవాఖానకు తీసుకెళితే, ముందురోజే ఆమె కొడుకుతో తండ్రి పేరు, ఊరు, వయసు కాగితం మీద రాయించుకుని పదకొండులోపు చేరండి.

ఇది చదివి ఆమేన్ అని ఊరుకోకండి. మీ దగ్గరి షెడ్లకు ఇవాళే వెళ్లండి. చాపల మీద ఉన్న ముసలమ్మల పాదాలు చూడండి. నలుపు కనిపిస్తే ప్రార్థన ఆటోలో చేసుకోవచ్చు, ముందు ఆటో పిలవండి.