గ్లాసు బోర్లించే హోటలు

భిలాయి వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. కోపంతో కూడా రాస్తున్నాను. మా అక్క సూరమ్మ కొడుకు అప్పలరాజు అక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో ఫిట్టరు. సెక్టర్ 2లో క్వార్టరు ఇచ్చారనీ, వాళ్ళమ్మని ఒకసారి తీసుకురమ్మనీ నాకు ఉత్తరం రాశాడు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఈ అక్కే కాబట్టి, సెలవు పెట్టి బయల్దేరాను.

శుక్రవారం సాయంత్రం విజయనగరంలో రాయపూర్ పాసెంజరు ఎక్కాం. ఎదుటి బెంచీ మీద రైల్వే గార్డుగారి భార్య పులిహోర పొట్లం విప్పింది. అక్క వద్దంది. ఆవిడ మళ్ళీ అడిగింది, అక్క మళ్ళీ వద్దంది. మూడోసారి ఆవిడ అడగలేదు. “వొద్దంటే వొగ్గీడానికి నాను పరాయిదాన్నేటి?” అంటూ ఆకులో పెట్టేసింది. అక్క శుభ్రంగా తింది. మనవాళ్ళలో వడ్డన ఇలాగే జరుగుతుంది.

శనివారం రాయపూర్‌లో బండి మారి, మధ్యాహ్నానికి భిలాయి పవర్‌హౌస్ స్టేషన్లో దిగాం. ఆదివారం పన్నెండింటికి అప్పలరాజు మమ్మల్ని సెక్టర్ 4 దగ్గర కొత్త హోటలుకి తీసుకెళ్ళాడు. దాని యజమాని ఓడల్లో వంటవాడిగా తిరిగి బ్రెజిల్ చూసొచ్చాడట. అక్కడ పశువులు కాసేవాళ్ళు మాంసాన్ని ఇనపచువ్వలకి గుచ్చి నిప్పుల మీద కాలుస్తారట. ఇక్కడా అదే పద్ధతి, మేకా కోడీ మాత్రమే. తలకి నాలుగు రూపాయలు, తిన్నవాళ్ళకి తిన్నంత. వడ్డించేవాడు చువ్వ పట్టుకుని బల్లబల్లకీ తిరుగుతూ, కత్తితో పళ్ళెంలోకి కోస్తాడు. రుచికి వంక పెట్టలేను.

మొదటి ముక్క పడగానే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. “సాలు నాయినా, సాలు.”

“బస్, మాతాజీ?” అన్నాడు వాడు, ఇక చాలా అని.

అక్క మర్యాదకి తలూపింది. వాడు ఆవిడ గ్లాసు బోర్లించి వెళ్ళిపోయాడు. గ్లాసు బోర్లిస్తే ఇక ఆ మనిషికి వడ్డన లేదట. ఆ సంగతి మూడు చువ్వలు ఆవిడని దాటిపోయాక గాని అప్పలరాజు చెప్పలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దావిడ ఒకమాట వద్దంటే రెండోమాట అడగని వడ్డన అదేం వడ్డన? గ్లాసు నేనే తిప్పి పెట్టాను. వాడు మళ్ళీ బోర్లించాడు. నా పళ్ళెం అక్క ముందుకి జరిపాను. యజమాని స్వయంగా వచ్చి వెనక్కి జరిపాడు. “ఏక్ ఆద్మీ, ఏక్ థాలీ” అన్నాడు. మనిషికి ఒకటే పళ్ళెమట.

“నువ్వు మనుషులకి అన్నం పెడుతున్నావా, గేటు పాసులు ఇస్తున్నావా?” అని తెలుగులోనే అరిచాను.

అప్పలరాజు తల వంచుకున్నాడు. “మావయ్యా, మా డిపార్ట్‌మెంటోళ్ళు సూస్తన్నారు. బస్ అంటే అమ్మే కదా తలూపినాది!”

“మీ అమ్మ సాలంటే సాలనేనా? కన్నకొడుకువి, ఆ మాత్రం తెలీదురా?”

“ఒగ్గీరా తమ్ముడా, నాకు నిజంగానే కడుపు నిండీసింది” అంది అక్క. ఒక్క ముక్కతో!

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి తిరుగు ప్రయాణం. బండి కదిలింది మొదలు ఆ హోటలువాణ్ణి నేను తిడుతూనే ఉన్నాను. అక్క విని విని, కిటికీ వైపు చూస్తూ అంది: “ఇంకో ముక్క తిందునురా. బాగున్నాది.”

“మరి అడగొద్దా?”

“ఎలగడుగుతాం? ఎవలైనా ఇంకోపాలి తినమంటారేమోనని సూసినాను.”

“అదే మనింట్లో అయితే ఇలా జరుగుతుందా?” అన్నాను, ఇంకా ఉడుకుతూనే.

అక్క నవ్వింది. “మనింట మాత్రం ఎవలడిగినారురా? నాను సాలంటే, నువ్వు కూరగిన్ని నీ కాడికి లాగీసుకునీవోడివి.”



భిలాయి తప్పక చూడవలసిన ఊరు. రోడ్లు విశాలం, మనవాళ్ళు ప్రతి సెక్టర్‌లోనూ ఉన్నారు. ఆ హోటలుకి వెళ్తే, వెంట ఉన్న ఆడవాళ్ళ గ్లాసు ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. ఆ యజమాని మీద నా కోపం ఈనాటికీ తగ్గలేదు. కానీ అతను మా అక్కకి వడ్డన ఆపింది ఒక్క పూటే.