తేనెలో కాకర రసం

నా చిన్నప్పుడు, అమెరికాలో ఎడిసన్ ఊళ్ళో మా పక్కింటి యూదుల బామ్మ వాళ్ళ కొత్త సంవత్సరానికి వీధిలో పిల్లలందర్నీ పిలిచేది. గుండ్రటి రొట్టె, దానిమ్మ గింజలు, ఏడాదంతా తియ్యగా గడవాలని తేనెలో ముంచిన యాపిల్ ముక్కలు పెట్టేది. వాళ్ళింట్లో ఆ రోజు పులుపూ చేదూ బల్లమీదికి రాకూడదట. ఉగాదికి వేపపువ్వు మింగే ఇంటిదాన్ని, నాకది భలే వింతగా ఉండేది.

నాకు ఆరేళ్ళప్పుడు ఆ పండగ నాటికి అమ్మ హాస్పిటల్‌లో ఉంది. చిన్నపిల్లల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. బామ్మ నా తల నిమిరి, అమ్మని తలుచుకుని తినమంటూ యాపిల్ ముక్కలూ, గిన్నెలో తేనె ఇచ్చి పంపింది. అవి తింటే అమ్మ ఇంటికొచ్చేస్తుందని నేను గట్టిగా నమ్మాను.

మమ్మల్ని చూసుకోవడానికి వచ్చిన మా మేనత్త వంటింట్లో కాకరకాయ ముక్కలకు ఉప్పు పట్టించి పిండుతోంది. నాకు అన్నం వద్దు, ఇవి తిని అమ్మని రప్పించుకుంటానన్నాను. ఆవిడకి ఒళ్ళు మండింది.

"తేనె నాకితే జబ్బు క్యూర్ అయిపోతుందా? ఎవరు చెప్పారే నీకు?" అంది. అంతలోనే గొంతు మార్చి, "సరేలే, కళ్ళు మూసుకో. నేనే పెడతా" అంది.

మురిసిపోయి నోరు తెరిచాను. పిండిన ఆ కాకర రసాన్ని తేనెలో కలిపి, యాపిల్ ముక్క అందులో ముంచి పెట్టింది, మహాతల్లి! సింక్‌లో ఉమ్మేసి నేను ఏడుస్తుంటే పగలబడి నవ్వింది. "చూశావా నీ స్వీట్ ఇయర్! ఇప్పట్నుంచే తెలుసుకో."

మంచు పడకముందే అమ్మ పోయింది. ఆ ముక్క ఉమ్మేశాను కాబట్టే పోయిందనుకున్నాను. ఆ మాట ఎవరితోనూ అనలేక ఏడాదంతా కడుపులో పెట్టుకుని తిరిగాను.

మరుసటేడు బామ్మ ముక్క అందిస్తే పెదాలు బిగించేశాను. ఆవిడ నా పక్కన నేలమీద కూర్చుంది. చాలాసేపు బతిమాలాక జరిగిందంతా చెప్పాను. నీ తప్పు కాదు, తినడం వల్ల బతకరు, ఉమ్మితే పోరు, మనం మంచి జరగాలని కోరుకుంటామంతే అంది. తర్వాత ఆ ముక్కని తను సగం కొరికి, నమిలి, మింగి చూపించి, మిగతాది నాకిచ్చింది.

మా మేనత్త పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళని ఏమీ అనకూడదంటారు. నేను అంటాను. లోకం చేదని నాకు నేర్పడానికి ఆవిడ అంత కష్టపడక్కర్లేదు, ఆ పని లోకమే చేసింది.

ఇప్పుడు మా మనవలకి ఏది పెట్టినా ముందు నేను కొరుకుతాను. "అమ్మమ్మా, జెర్మ్స్!" అని గోల చేస్తారు. చేయనీ. నేను ముందు తిని చూడంది వాళ్ళ నోట్లోకి వెళ్ళదు.